గయ్యాళి పాత్ర - గౌరవనీయ నటి

(ఓరుగల్లు ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు కూడిన చోట మంచినీటి బావులు, వీధి దీపములు, మురుగు కాలువలు, ఇంటి పన్నుల వసూలు చర్చకు వచ్చుట పరిపాటి. నేడు మేము వీనిని విడిచి, ఒక సినిమా నటీమణిని గూర్చి ముచ్చటింప దలచితిమి. పంచాయతీకిని సినిమాకును సంబంధమేమని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. సంబంధము కలదు. మన ఊళ్లలో ఏ స్త్రీయైనను గట్టిగా మాటలాడినచో, తన పొలము గట్టు కొరకు నిలబడి అడిగినచో, కోడలిని కసరినచో, వెంటనే మనము వాడు పేరు ఒకటున్నది. "అబ్బో! ఆమె సూర్యకాంతము" అందుము. ఒక నటి పేరు ఒక స్వభావమునకు పేరైపోయినది. అట్టి గౌరవము, అట్టి అన్యాయము మరియొక తెలుగు నటికి జరుగలేదు. ఈ రెండింటిని విచారించినచో మన ఇండ్లను గూర్చి, మన పంచాయతీలను గూర్చి కూడ కొంత తెలిసికొనగలము.

శ్రీమతి సూర్యకాంతము గారు 1924వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన కాకినాడ చెంత వెంకటకృష్ణరాయపురమున జన్మించిరి. పెద్ద కుటుంబము. చిన్ననాటనే ఆటపాటలయందు అభిరుచి కలిగెను. తెలుగు చిత్రముల నిర్మాణము ఆ దినములలో మద్రాసు నగరమున జరుగుచుండెను. నటించగోరు వారు గోదావరి తీరము నుండి యైనను, ఓరుగల్లు నుండి యైనను అచ్చటికే పోవలసి యుండెడిది. ఆమెయు పోయిరి. 1946లో నారద నారది అను చిత్రమున చిన్న పాత్ర లభించెను. జెమినీ స్టూడియో వారు 1948లో విడుదల చేసిన చంద్రలేఖలో నర్తకులలో ఒకరుగా నిలిచిరి. అందరి వలెనే ఆమెకును నాయిక పాత్రపై ఆశ యుండెను. ఆ అవకాశము చేతికందు సమయమున కారు ప్రమాదము సంభవించి ముఖమునకు గాయము తగులుటచే అది జారిపోయినదని ఆమె జీవితమును వ్రాసినవారు చెప్పుదురు.

1950లో సంసారము అను చిత్రము వచ్చెను. దర్శకులు శ్రీ ఎల్. వి. ప్రసాదు. అందు ఆమె గయ్యాళి అత్త పాత్ర ధరించిరి. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియారు సంవత్సరములు మాత్రమే! ఆ యీడు స్త్రీలు తెరపై పూలు పెట్టుకొని పాటలు పాడు కాలమున, ఆమె ముసలితనమును, మొండితనమును నెత్తిన వేసికొనిరి. ఆ పాత్ర ప్రజల మనస్సున నాటుకొనెను. అది మొదలు నలుబది సంవత్సరములకు పైగా ఆమె తెరపై అత్తగాను, సవతి తల్లిగాను, తోడికోడలుగాను, నోటి దురుసు గల ఇల్లాలుగాను వందలాది చిత్రములలో నటించిరి. న్యాయరంగమునకు చెందిన శ్రీ పెద్దిభొట్ల వెంకట చలపతిరావు గారిని వివాహమాడి గృహిణిగా మర్యాదతో జీవించిరి. 1994 డిసెంబరు మాసమున మద్రాసు నగరమున పరమపదించిరి. తిరుపతిలోని శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము వారు ఆమెకు గౌరవ డాక్టరేటు నిచ్చి సత్కరించిరి.

ఇచ్చట ఒక లెక్కను మీ దృష్టికి తేవలసియున్నది. 1962 జూన్ 7వ తేదీన విడుదలయిన గుండమ్మ కథలో శ్రీ అక్కినేని నాగేశ్వరరావు గారు ఆమెకు అల్లుడు. నిజమునకు శ్రీ నాగేశ్వరరావు గారు 1924 సెప్టెంబరు 20వ తేదీన జన్మించిరి. అనగా అల్లుడు అత్తగారి కంటె నెల దినములు పైచిలుకు పెద్ద. శ్రీ నందమూరి తారకరామారావు గారు 1923లో పుట్టిరి. వారును ఆమె కంటె పెద్దవారే. 1957 నాటి మాయాబజారులో ఆమె హిడింబి, శ్రీ ఎస్. వి. రంగారావు గారు ఆమె కొడుకు ఘటోత్కచుడు. ఆ కొడుకు 1918లో పుట్టినవారు. తల్లి కంటె ఆరేండ్లు పెద్ద. చూచువారిలో ఒక్కరికైనను ఈ సంగతి తోచినదా? తోచలేదు. నటన యనగా అది.

ఆ నటనకు సాధనములు ఏవి? మొదటిది కంఠము. ఒక మాటను సాగదీసి, మరియొక మాటను విరిచి, మధ్య నొక చిన్న మూలుగు కలిపి ఆమె పలుకుచుండిరి. ఇంటిలో ఏ మూల నున్నను ఆ పిలుపు వినబడవలసినదే. రెండవది చేయి. ఆమెది ఎడమచేతి వాటము. మాటలాడునపుడు ఎడమచేయి త్రిప్పుట, వ్రేలు చూపుట ఆమెకు సహజము. పెద్దలు చిన్ననాటనే మాన్పింపజూచు అలవాటును ఆమె తన పాత్రకు ఆయుధముగ చేసికొనిరి. మూడవది కన్నులు. పొరుగువారు రాగానే ఒక చూపు, వారు పోగానే మరియొక చూపు. ఇంత చేసియు ఆమె పాత్రలను చూచి ప్రజలు కోపముతో పాటు నవ్విరి. కేవలము క్రూరత్వమైనచో అసహ్యము కలుగును. ఆమె గయ్యాళితనమున అమాయకత్వము కలదు. ఎవరైన పొగడిన పొంగిపోవును, ఎవరైన బెదిరించిన కుంగిపోవును. తెరపై ఆమె ఓడినపుడు మనకు జాలి కలుగుటకు కారణమిదియే.

గుండమ్మ కథను ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. శ్రీ కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వమున నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నిర్మించిన చిత్రమది. అంతకు పూర్వము కన్నడమున వచ్చిన ఒక చిత్రము దానికి ఆధారము. అందు ఆ కాలపు అగ్రనటు లిద్దరును ఉండిరి. సావిత్రి, జమున, ఎస్. వి. రంగారావు ఉండిరి. అయినను చిత్రమునకు పేరు పెట్టినది గుండమ్మ పేరిట! నాయకుల పేరిట కాదు, నాయికల పేరిట కాదు. ఇంటి పెత్తనము చేయు ఒక విధవరాలి పేరిట. ఒక గయ్యాళి పాత్ర ధరించు నటికి ఇంతకంటె సత్కారమేమి కావలయును?

కథ మీరెరిగినదే. గుండమ్మ సవతి కుమార్తె లక్ష్మిని పనిమనిషి వలె చూచును. కన్నకూతురు సరోజను గారాబము చేయును. కడకు ఏమయినది? కొడుకు పెండ్లితో సంబంధము కలిసిన దుర్గమ్మ యను మరియొక గయ్యాళి ఆ ఇంట కాలుపెట్టి, గుండమ్మనే గదిలో పెట్టి తాళము వేసినది. దుర్గమ్మ పాత్రను శ్రీమతి ఛాయాదేవి గారు ధరించిరి. ఆమెయు ఇట్టి పాత్రలలో దిట్ట. ఆ గది తాళము తీయించి గుండమ్మను విడిపించినది ఎవరు? తాను అంతగా బాధించిన లక్ష్మియు, ఆమె భర్తయును. నవ్వించుచునే చెప్పిన ఈ కథలో ఒక గంభీరమైన సత్యము ఇమిడియున్నది. బాధించినవారు ఎల్లకాలము బాధించువారుగనే ఉండరు. ముసలితనము వచ్చును, తాళపుచెవులు చేతులు మారును. నాటి అత్త నేడు గదిలో బంధితురాలగును.

1957లో వచ్చిన తోడికోడళ్లు చిత్రము శరత్‌చంద్రుని వంగ కథ ఆధారముగ నిర్మింపబడినది. అందు ఉమ్మడి కుటుంబమున పొరపొచ్చెములు తెచ్చు కోడలి పాత్ర ఆమెది. 1961 నాటి వెలుగునీడలులో సంతానము లేని దంపతులు ఒక బాలికను పెంచుకొందురు. తరువాత సొంత బిడ్డ పుట్టగనే పెంపుడు బిడ్డపై ఆ ఇల్లాలికి మనసు విరుగును. ఆ ఇల్లాలు సూర్యకాంతము గారే. సవతి కూతురు, తోడికోడలు, పెంపుడు బిడ్డ - ఈ మూడు సంబంధములును మన ఊళ్లలో నేటికిని తగవులకు మూలములు. ఊరి పెద్దల యొద్దకు వచ్చు ఇంటి తగవులలో ఈ మూడింటిలో ఒకటి తగులని దెక్కడ?

ఇపుడు ఒక ప్రశ్న వేసికొందము. తెలుగు కథలలో గయ్యాళి అత్త యింతగా ఎందుకు కనబడును? స్త్రీ స్వభావమే అట్టిదని చెప్పుట తేలిక. కాని అది నిజము కాదు. గుండమ్మ బొడ్డున వ్రేలాడు తాళపుచెవుల గుత్తిని చూడుడు. పూర్వము మన ఇండ్లలో స్త్రీకి పొలముపై హక్కు లేదు. పాడిపై, ధాన్యపు గాదెపై పెత్తనము మగవారిది. కోడలిగా వచ్చిననాడు ఆమెకు మాట లేదు. ఏండ్ల తరబడి మాట పడి, మాట పడి, చిట్టచివరకు అత్త స్థానమునకు వచ్చిననాడు ఆమె చేతికి చిక్కిన అధికారము ఆ తాళపుచెవుల గుత్తి యొక్కటే. ఉప్పు, పప్పు, నూనె కొలిచి ఇచ్చుటయే ఆమె రాజ్యము. ఆ చిన్న రాజ్యమును కోడలు పట్టుకొనిపోవునేమో యను భయము గయ్యాళితనముగ బయటపడినది. అధికారము సన్నని సందులో దొరికినచో, దానిని వినియోగించు తీరు కూడ సన్నగనే యుండును.

చట్టములు ఈ స్థితిని క్రమముగా మార్చినవి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణ హక్కు నిచ్చినది. అంతకుముందు వితంతువునకు దక్కినది జీవితకాలపు అనుభవము మాత్రమే. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన భాగమును ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణ చట్టము కల్పించినది. ఆ సమయమున ముఖ్యమంత్రి శ్రీ తారకరామారావు గారే. తెరపై గుండమ్మ ఇంట పనివానిగ చేరి ఆమె గర్వమణచిన నటుడు, నిజజీవితమున గుండమ్మ కూతుళ్లకు ఆస్తి హక్కు కల్పించు చట్టము తెచ్చుట విశేషము. 2005లో కేంద్ర చట్టము దేశమంతటను ఇట్టి హక్కును కల్పించినది. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. భర్తయు, భర్త బంధువులును పెట్టు క్రూర హింస 1983 నుండి ప్రత్యేక నేరముగా పరిగణింపబడుచున్నది. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించు చట్టము 2005లో చేయబడి 2006 అక్టోబరు నుండి అమలులోనున్నది. తెరపైని అత్తను చూచి మనము నవ్వితిమి. ఇంటిలోని అత్త కోడలిని కొట్టినపుడు, కట్నము కొరకు తిండి పెట్టనపుడు అది నవ్వులాట కాదు, నేరము. "అత్తాకోడండ్ల తగవు, మనకేల?" యని తప్పించుకొను పెద్దమనిషి, ఆ కోడలికి జరుగు హానిలో తానును భాగస్వామి యగుచున్నాడు.

అట్లే గదిలో బంధింపబడిన గుండమ్మను కూడ మరువరాదు. తల్లిదండ్రులును, వృద్ధులును పోషణ పొందు హక్కును 2007 నాటి చట్టము స్థిరపరచినది. కన్నబిడ్డలు అన్నము పెట్టనిచో వృద్ధులు రెవెన్యూ డివిజను స్థాయిలోని ట్రిబ్యునలు నాశ్రయింపవచ్చును. దానికి వకీలును పెట్టుకొననవసరము లేదు. అత్త యైనను, తల్లి యైనను ఒక ఇంట నివసించు స్త్రీయే గనుక, ఆమెను కొట్టినచో గృహహింస చట్టము ఆమెకును వర్తించును. సూర్యకాంతము గారి పాత్ర ఆరంభమున బాధించినది, అంతమున బాధపడినది. న్యాయము ఆ రెండు సమయములందును ఒక్క తీరున నడువవలయును.

నటికి జరిగిన అన్యాయమని ముందు చెప్పితిమి. అదేమన, ఆమె పేరు చక్కని పేరు. సూర్యకాంత మనునది మణి పేరు. అయినను ఆమె పేరొందిన తరువాత తెలుగువారు తమ ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుట మానిరని లోకమున చెప్పుకొనుట కలదు. ఇంత కీర్తి ఎవరికి కావలయును? కాని ఆమెను ఎరిగినవారందరును చెప్పినది వేరు. ఆమె మెత్తని మనసు గలవారు. చిత్రీకరణ స్థలమునకు ఇంటి నుండి వంటకములు తెచ్చి, పెద్ద నటులు మొదలు దీపములు మోయు కూలీల వరకు కొసరి కొసరి వడ్డించెడివారు. మరియొక నటిని తొలగించి తనకు ఇవ్వజూపిన నాయిక పాత్రను, ఒకరి దుఃఖముపై తన సుఖము కట్టుకొనజాలనని నిరాకరించినారని కూడ చెప్పుదురు. పాత్ర గయ్యాళి, మనిషి అన్నపూర్ణ.

ఈ భేదమును మనము గ్రహించితిమా? మన ప్రాంతమునకు వత్తము. ఓరుగల్లు సీమకు ప్రదర్శన కళలు క్రొత్తవి కావు. కాకతీయుల సేనాని జాయపుడు పదమూడవ శతాబ్దమున నృత్తరత్నావళి రచించెను. రామప్ప గుడిలోని నర్తకీ శిల్పములు నేటికిని నిలిచియున్నవి. జనగామ ప్రాంతమున ఒగ్గు కథకులు, చిందు యక్షగాన బృందములు తరతరములుగా ఆడుచు పాడుచు వచ్చిరి. శ్రీ చుక్క సత్తయ్య గారు ఒగ్గు కథకు దేశమంతట పేరు తెచ్చిరి. చిందు యక్షగాన కళాకారులు శ్రీ గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ లభించెను. మట్టెవాడలో జన్మించిన శ్రీ నేరెళ్ల వేణుమాధవ్ గారు ధ్వన్యనుకరణ విద్యలో ఎందరి కంఠములనో తమ కంఠమున నిలిపి ఓరుగల్లు పేరు నిలబెట్టిరి. ఇట్టి నేలపై ఉన్న మనము, వేషమునకు వేషధారికి గల భేదము నెరుగమా? ఎరుగుదుము. కాని రావణుని వేషము కట్టిన వానికి మరునాడు ఊరిలో మర్యాద తగ్గదు; పైపెచ్చు పెరుగును. శూర్పణఖ వేషము, గయ్యాళి వేషము కట్టిన స్త్రీకి మాత్రము ఆ పేరు అంటుకొని యుండును. మగవాని వేషము మేకప్పుతో కడుగుకొనిపోవును. ఆడుదాని వేషము మాత్రము పోదు. ఇది న్యాయమా?

మరియొక నటిని గూర్చి కూడ చెప్పవలసియున్నది. శ్రీమతి కడియాల శకుంతల గారు. ఆమె 1951లో మహారాష్ట్రమున జన్మించిరి. నాటక రంగమున పేరు తెచ్చుకొనిరి. తెలంగాణ రైతాంగ పోరాటమును చిత్రించిన మా భూమి చిత్రమున నటించిరి. తెలంగాణ యాసను నోరార పలుకుట చేత లోకము ఆమెను తెలంగాణ శకుంతల యని పిలిచెను. 2001లో నువ్వు నేను, 2003లో ఒక్కడు మున్నగు చిత్రములలో ఆమె ధరించిన కఠిన పాత్రలు ఈ తరము వారికి బాగుగ తెలియును. ఒక్కడు చిత్రమున రాయలసీమ యాసను కూడ అంతే బలముగ పలికిరి. ప్రత్యేక తెలంగాణ రాష్ట్రము 2014 జూన్ 2వ తేదీన ఏర్పడెను. జూన్ 14వ తేదీన ఆమె స్వర్గస్థులైరి. పేరులో తెలంగాణమును ధరించిన నటికి తెలంగాణ రాష్ట్రమున లభించినవి పండ్రెండు దినములు మాత్రమే.

ఆమెను తలచినపుడు మన ప్రాంతము వారికి ఒక ఆలోచన రావలయును. చాలకాలము వెండితెరపై మన భాష ఎవరి నోట వినబడినది? దుండగీని నోట, హాస్యగాని నోట, నోటి దురుసు గల స్త్రీ నోట. నాయకుడు, నాయిక, న్యాయమూర్తి, ఉపాధ్యాయుడు వేరొక భాష పలికిరి. ఇది నటి తప్పు కాదు. తనకిచ్చిన పాత్రలో ఆమె మన పలుకునకు ప్రాణము పోసిరి. తప్పు కథలు వ్రాసినవారిది, వానిని చూచి సరేయన్న మనది. మన తల్లులు కూలి లెక్క అడిగిన భాష, మన తండ్రులు పంట ధర అడిగిన భాష గయ్యాళి భాష యెట్లగును? రాష్ట్రమేర్పడిన పిమ్మట ఈ పద్ధతి మారుచున్నది. నేడు నాయకులును, నాయికలును ఈ యాసలోనే మాటలాడు చిత్రములు వచ్చుచున్నవి, ప్రజలు ఆదరించుచున్నారు.

ఇంతవరకు చెప్పినదంతయు ఒక చోటికి చేరుకొనుటకే. ఆ చోటు మీ పంచాయతీ కార్యాలయము. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చి, పంచాయతీలలో మూడవ వంతునకు తక్కువ గాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించినది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము సగము స్థానములు స్త్రీలవి. అనగా హనుమకొండ, వరంగల్లు, జనగామ, మహబూబాబాదు, ములుగు, భూపాలపల్లి జిల్లాలలో వేలాది స్త్రీలు సభ్యులుగ, సర్పంచులుగ కూర్చుండుటకు చట్టము పీట వేసినది. పీట వేసినంత మాత్రమున మాట దక్కునా?

సభలో మగ సభ్యుడు బల్ల చరచి మాటలాడినచో "గట్టివాడు, పని చేయించును" అందుము. అదే మాటను అదే గొంతుతో స్త్రీ సభ్యురాలు పలికినచో "గయ్యాళి" అందుము. నిధుల లెక్క అడిగిన మహిళను సూర్యకాంతమని నవ్వి కూర్చుండబెట్టుదుము. ఆ నవ్వు చాల తేలికగ కనబడును. కాని దాని బరువు నోరు మూయించునంతటిది. తరువాతి సభకు ఆమె రాదు. ఆమె బదులు భర్త వచ్చి కుర్చీలో కూర్చుండును, ఆమె ఇంటి వద్ద వ్రేలిముద్రయో సంతకమో చేయును. చట్టమిచ్చిన సగము స్థానము ఒక్క నవ్వుతో పోయినది!

ఈ నేలకు గొంతెత్తిన స్త్రీలు క్రొత్త కాదు. ఓరుగల్లు కోట నుండి రాణి రుద్రమదేవి రాజ్యమేలినది. మేడారమున కోటి జనము మ్రొక్కు సమ్మక్క సారలమ్మలు ఎదిరించి నిలిచిన తల్లులు. పాలకుర్తి చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేసిన పొలములోని ధాన్యమును విసునూరు దేశముఖునకు విడువక నిలిచినది. ఆనాటి గడీలో కూర్చున్నవారు ఐలమ్మను ఏమని పిలిచియుందురు? నోటి దురుసు గలది యనియే పిలిచియుందురు. నేడు మనము ఆమెను వీరనారి యందుము. ఒకే గొంతు, వినువాడు మారినచో పేరు మారినది.

కావున, సోదర సోదరీమణులారా, మేము చేయు మనవులు కొన్ని మాత్రమే. చట్టము రెండు నెలలకొకసారి గ్రామసభ జరుపవలెనని చెప్పుచున్నది. ఆ సభలో మహిళా సభ్యులకు మొదట మాటలాడు అవకాశ మిండు. చివర నిచ్చిన అవకాశము, జనము లేచిపోవు సమయమున ఇచ్చిన అవకాశము అవకాశము కాదు. సర్పంచు స్త్రీ యైన చోట ఆమె కుర్చీలో ఆమెయే కూర్చుండవలయును, ఆమె ప్రశ్నకు కార్యదర్శి ఆమెకే జవాబు చెప్పవలయును. కోడలు గాని, అత్త గాని హింసకు గురియైనట్లు మీ చెవిని పడినచో, రాజీ పేరిట ఆమెను మరల ఆ ఇంటికే తోలక ముందు, ఆమె ఏమి కోరునో ఒంటరిగ అడుగుడు. 181 సంఖ్యకు ఫోను చేసినచో స్త్రీలకు సహాయము దొరకును. జిల్లా కేంద్రములోని సఖి కేంద్రమున ఆశ్రయము, వైద్యము, న్యాయ సలహా ఒకే చోట లభించును. ఈ సంఖ్యను పంచాయతీ గోడపై, అంగన్వాడీ గోడపై, చౌక ధరల దుకాణము గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. అందుకగు వ్యయము ఒక డబ్బా రంగు మాత్రమే.

మీ ఊరిలో ఒగ్గు కథ చెప్పువారు, చిందు భాగవతులు, బడిలో నాటకములాడు బాలికలు ఉన్నచో వారిని ఆదరింపుడు. దుష్టపాత్ర ధరించిన బాలికను ఎవరైన ఆ పాత్ర పేరుతో వెక్కిరించినచో అచ్చటికచ్చటనే వారింపుడు. బాగుగ నటించినందుకు బహుమానమిండు. దుష్టపాత్రను చక్కగ ధరించువారు లేనిచో కథలో మంచితనమునకు విలువ తెలియదు. కైకేయి లేనిచో రాముని త్యాగమెచ్చట? గుండమ్మ లేనిచో లక్ష్మి ఓర్పు ఎచ్చట?

శ్రీమతి సూర్యకాంతము గారు నలుబది యేండ్లకు పైగా మన ఇండ్లలోని చెడును తన ముఖమున ధరించి మనకు చూపిరి. మనము నవ్వితిమి, తిట్టుకొంటిమి, ఆమె పేరు పిల్లలకు పెట్టమంటిమి. నిజమునకు ఆమె పట్టి చూపినది అద్దము. అద్దములో కనబడిన మచ్చను తుడుచుకొనవలసినది ముఖముపైని. అద్దమును నిందించి లాభము లేదు. ఇకమీదట మీ సభలో ఒక మహిళ గట్టిగా మాటలాడినపుడు, ఆమెకు పేరు పెట్టుటకు ముందు ఆమె అడిగిన లెక్క సరియైనదా కాదా యని చూడుడు. సరియైనచో లెక్క చెప్పుడు. ఒక మహానటికి మన పల్లెలు చెల్లింపగల ఋణము ఇదియే.